వినువాని ఋణము



ఎండలు ముదిరిన దినములలో పగలంతయు తలుపులు మూసికొనియుండు ఊరు, ప్రొద్దు వాలగానే వీధిలోనికి వచ్చును. వాకిళ్లలో నీళ్లు చల్లుదురు. మంచములు ఆరుబయట వేయుదురు. అప్పుడు సంగీతము మొదలగును. చైత్రమాసమున శ్రీరామనవమి పందిళ్లలో పాటకచేరీలు, హరికథలు, వైశాఖ జ్యేష్ఠములలో పెండ్లి సన్నాయి, కోతలు ముగిసి చేతికి తీరిక దొరికిన పల్లెలలో బుర్రకథలు, జాతరలలో డప్పులు, మన సంఘములలో సువార్త కూటములు, పిల్లల వేసవి బైబిలు పాఠశాలలు. ఇట్లు మన దేశమున వేసవికాలము సగము సంగీతకాలమే. వీటిలో అనేకమునకు టిక్కెట్టు లేదు, ద్వారపాలకుడు లేడు. గాలి ఎంత దూరము మోసికొనిపోవునో అంత దూరము వినవచ్చును.

ఇట్టి సంగీతము విని సంతోషించుట మంచిదా కాదా అని మనవారు తరచుగా అడుగుదురు. అది అడుగదగిన ప్రశ్నయే. కాని దాని వెనుక మరియొక ప్రశ్న దాగియున్నది. వెల యియ్యక పొందిన ఈ సంతోషము మనమీద ఏదైన ఋణము మోపుచున్నదా? విని లేచిపోవువాడు ఎవరికైనను ఏమైనను అచ్చియున్నాడా?

ముందు మొదటి ప్రశ్నకే జవాబు వెదకుదము. పాట ముగిసిన పిమ్మట చేతిలో ఏమియు మిగులదు గనుక అది వ్యర్థమని తలంచు గంభీరులు కొందరున్నారు. చల్లని నీళ్లు త్రాగినవాని చేతిలో కూడ నీళ్లు మిగులవు. ప్రాణము మాత్రము తెప్పరిల్లును. దేవుడు సమస్తమును మనము అనుభవించుటకే ధారాళముగ దయచేయుచున్నాడని అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసెను (1 తిమోతి 6:17). రాజుల కలహముల మధ్య మనస్సు కలతపడిన ఎలీషా ప్రవక్త, ప్రవచించుటకు ముందు వాద్యకారుని పిలిపించెను (2 రాజులు 3:15). ప్రవక్తకు అవసరమైనది మనకు అవసరము లేదని చెప్పుటకు మనమెవరము?

అయితే అది మన కూటములలోని సంగీతము కాదు గదా, బయటివారిది గదా అని సందేహింతురేమో. ఆదికాండము 4వ అధ్యాయమును జ్ఞాపకము చేసికొనుడి. తీగె వాద్యములను, ఊదు వాద్యములను వాయించువారికందరికి మూలపురుషుడైన యూబాలు ఎవరి సంతతివాడు? కయీను సంతతివాడు. అయినను, వాద్యము కయీను వంశములో పుట్టినది గనుక నాకు వద్దని దావీదు చెప్పలేదు. మన సంగతియు అట్టిదే. మనము పాడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుడి. అనేక కీర్తనల నెత్తిన రాగము పేరు, తాళము పేరు అచ్చువేసియుండును. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి భక్తులు ఆ రాగములను సముద్రము ఆవలనుండి తెప్పించుకొనలేదు. తమ ఊళ్ల పందిళ్లలో, వీధులలో మ్రోగినవానినే తీసికొని తమ ప్రభువునకు సమర్పించిరి. ఆరాధనలో పాలుపొందుట ఒకటి. రాగము చెవిని బడగా దాని యందమును ఒప్పుకొనుట మరియొకటి. ఈ రెంటి నడుమ గీత ఎక్కడ గీయవలెనో ప్రతివాడును తన మనస్సాక్షి యెదుట నిర్ణయించుకొనవలెను. బలహీనుడైన సహోదరుడు తొట్రిల్లకుండ చూచుకొనవలెను. అంతియేగాని, మన కీర్తనలకు రాగము నిచ్చిన వీధిని తృణీకరించుట భక్తి యనిపించుకొనదు.

ఇక ఋణము మాటకు వత్తము. మొదటి ఋణము వాయించువానికి. సౌలు దావీదుల చరిత్రలో ఒక వింత కలదు. దావీదు సితారా వాయించగా సౌలు నెమ్మది పొందెను, బాగుపడెను (1 సమూయేలు 16:23). రెండు అధ్యాయముల తరువాత ఆ చేయియే, ఆ సితారానే వాయించుచుండగా సౌలు చేతిలోని ఈటె విసరెను (18:10, 11). సంగీతము మారలేదు, వాయించువాడును మారలేదు. సౌలు స్వరమును కోరెను గాని మనుష్యుని కోరలేదు. వాని సంగీతము నాకు కావలెను, వాడు మాత్రము నాకు అక్కరలేదు: ఇదియే ఈటె. మన దేశములో ఈ ఈటె కంటికి కనబడకుండ ఎన్నో తరములు విసరబడినది.

నాదస్వరము సంగతి చూడుడి. మంగళవాద్యము మ్రోగనిదే మన ఊళ్లలో అనేకుల యిండ్ల మంగళసూత్రము కట్టరు. ఆ వాద్యము వాయించువారిలో అనేకులు నాయీబ్రాహ్మణ కుటుంబములవారు. తరతరములుగా ఆ విద్యను కాపాడిన ముస్లిము కుటుంబములును కలవు. ప్రకాశము జిల్లా కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా, నాదస్వరమున గొప్ప విద్వాంసుడై, శ్రీరంగములో నివాసమేర్పరచుకొని, 1977లో పద్మశ్రీ పొంది, 1999లో మరణించెను. కళకు మతమడ్డు కాదని చెప్పుటకు ఆయన పేరు తరచుగా ఎత్తుదురు. మంచిదే. కాని బిరుదులు పొందిన ఒకనిని పొగడుట సులభము. మన వీధిలో వాయించు పేరులేని సన్నాయి విద్వాంసుని మాటయేమి? ఎండలో గంటల తరబడి ఊది, రెల్లు పీకతో పెదవులు ఒరసికొనిపోగా, అందరి భోజనములు ముగిసిన తరువాత విస్తరికై కనిపెట్టుకొనియుండువాని మాటయేమి? ఆయన వాయించుచుండగా మనము బిగ్గరగా ముచ్చటలాడుకొందుము. తాళి కట్టు క్షణమున మాత్రము గట్టిగా వాయించుమని చేయి ఊపుదుము.

డప్పు సంగతి యింకను బాధాకరము. గడ్డి మంటకు కాచి చర్మము బిగియించి వాయించు ఆ వాద్యము లేనిదే ఊరిలో జాతర లేదు, చావు లేదు, చాటింపు లేదు. డప్పు ఊరి నడుమ మ్రోగెను. డప్పు వాయించువాని యిల్లు ఊరి వెలుపల నుండెను. ఈ చరిత్ర మన సంఘములలో అనేక కుటుంబములకు పుస్తకములో చదువుకొన్న చరిత్ర కాదు, తాతతండ్రుల బ్రతుకు. కావున డప్పు మ్రోత విని కాలు కదలించి, వాయించిన చేతిని పట్టుకొనుటకు వెనుదీయువాడు సౌలు ఈటెను తన చేత పట్టుకొన్నవాడే.

మరియు పనివానికి కూలి న్యాయమని లేఖనము చెప్పుచున్నది (1 తిమోతి 5:18). సన్నాయి మేళమువారి ఆదాయము ముహూర్తములమీద ఆధారపడియుండును. వైశాఖ జ్యేష్ఠములలో ఊపిరి తిరుగనంత పని. ఆషాఢము రాగానే పెండ్లిండ్లు ఆగిపోవును, వారి పొయ్యియు చల్లబడును. ఇప్పుడు యంత్రములో నింపిన పాటలు వారి చోటును ఆక్రమించుచుండగా ముహూర్తపు దినములలో సహితము కొందరికి పిలుపు తగ్గుచున్నది. బేరమాడి సగము కూలికి వాయింపించుకొని, మిగిలిన సగము రేపు చూతమని పంపివేయుట చిన్న తప్పు కాదు. కూలివాని కూలి మరునాటివరకు నీయొద్ద ఉంచుకొనరాదని ధర్మశాస్త్రము శాసించుచున్నది (లేవీయకాండము 19:13).

రెండవ ఋణము విననొల్లని పొరుగువానికి. సామెతల గ్రంథములో చిరునవ్వు పుట్టించు మాట ఒకటి కలదు: వేకువనే లేచి గొప్ప శబ్దముతో స్నేహితుని దీవించినయెడల ఆ దీవెన శాపముగా ఎంచబడునట (27:14). లౌడుస్పీకరు పుట్టుటకు ఎన్నో వందల ఏండ్లకు ముందే జ్ఞాని దానిని ఎరిగియుండెనా అనిపించును! 2000వ సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవరకు ఆరుబయట లౌడుస్పీకర్లు మ్రోగించరాదు. ఉత్సవ సందర్భములలో సంవత్సరమునకు 15 దినములకు మించకుండ అర్ధరాత్రివరకు సడలింపు ఇచ్చుటకు రాష్ట్రప్రభుత్వమునకు అధికారము కలదు. నివాసప్రదేశములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు హద్దు. ఈ నియమములను రామనవమి పందిరివారికి చదివి వినిపించుటకు మనలో అనేకులు సిద్ధముగా నుందురు. మన సువార్త కూటపు మైకు ఏ దిక్కున కట్టితిమో, ఎన్ని గంటలకు కట్టివేసితిమో ముందు చూచుకొందము. ప్రక్క యింట జ్వరముతోనున్న బిడ్డకు, తెల్లవారక ముందే పనికి పోవలసిన కూలివానికి, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రించు నర్సుకు మన కీర్తనయు మ్రోతయే. దుఃఖించువానియెదుట పాటలు పాడుట, చలి దినమున వానిపై బట్ట తీసివేయుట వంటిదని అదే గ్రంథము చెప్పుచున్నది (25:20).

మూడవ ఋణము శ్రద్ధ. బుర్రకథ చూచినవారికి ఈ మాట తేటగా తెలియును. నడుమ కథకుడు తంబుర పట్టి అందె మ్రోగించుచు కథ చెప్పును; ఇరుప్రక్కల ఇద్దరు గుమ్మెటలు వాయించుచు వంత పలుకుదురు. ఒకడు హాస్యమాడును, మరియొకడు లోకము తీరు విమర్శించును. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, 1986లో పద్మశ్రీ పొందిన షేక్ నాజర్ (1920–1997) వంటి మహాకథకునికి సహితము వంత కావలసియుండెను. శ్రోతయు ఒక విధమైన వంతయే. అతడు పెదవి కదల్చకున్నను, చెవి యొగ్గి కూర్చుండుటయే అతడు పలుకు వంత. సంతవీధిలో పిల్లలు పిల్లనగ్రోవి ఊదినను తోడివారు కదలలేదని చెప్పి ప్రభువు తన తరమువారిని మందలించెను (మత్తయి 11:16, 17). సెల్‌ఫోను ఎత్తి పట్టుకొని పాటను పెట్టెలో దాచుకొనువాడు, పాట తన యెదుట జరుగుచుండగా దానిని పోగొట్టుకొనుచున్నాడు. తరువాత విందుమని దాచినవి ఎన్ని విన్నాము?

శ్రద్ధకు మరియొక ప్రక్క కలదు. దంతపు మంచములమీద పరుండి వాద్యముల స్వరముతో పిచ్చిపాటలు పాడుకొనువారిని ఆమోసు ప్రవక్త గద్దించెను (ఆమోసు 6:4–6). వారి పాట తప్పని ఆయన గద్దించెనా? వారు తమ జనుల నాశనమునుగూర్చి చింతపడలేదు. అదియే వారి నేరము. సంగీతము చెవిని మెత్తపరచవలెను గాని మూసివేయరాదు. రాగములోని సన్నని గమకమును పట్టుకొనగల చెవి, ప్రక్కింటి మూలుగును వినలేకపోయిన యెడల, ఆ చెవి నేర్చుకొన్నదేమి?

ఇక్కడ ఒకరు అడ్డుచెప్పవచ్చును: “ఇన్ని ఋణములు లెక్కపెట్టుకొనుచు కూర్చుండినవానికి సంతోషమెక్కడిది? సాయంకాలపు చల్లగాలికి నాలుగు పాటలు వినబోయినవానికి అప్పుల పద్దు చేతికిచ్చితిరే!” ఈ మాటలో న్యాయము లేకపోలేదు. కానుకను అప్పుగా లెక్కించినయెడల అది వర్తకమగును, కానుక కానేరదు. అయితే ఋణములు రెండు విధములు. తీర్చివేసి విడుదల పొందవలెనని కోరు ఋణమొకటి. తల్లికి బిడ్డ అచ్చియున్నది రెండవ విధము. దానిని ఎవడును తీర్చి వదలించుకొనగోరడు, దానివలన ఆమె వడ్డించిన అన్నము చేదుకాదు. ప్రేమ విషయములో తప్ప మరేమియు ఎవనికిని అచ్చియుండవద్దని పౌలు చెప్పినప్పుడు (రోమా 13:8), ఆ ఒక్క ఋణమును ఎందుకు మిగిల్చెనో ఆలోచించుడి. వాయించువాని ముఖము ఎరిగి విన్న పాట తీయదనము తగ్గదు, హెచ్చును.

ఋణమునకు భయపడి వినుట మానుకొనువాడును ఒకడు కలడు. అతని మాట లూకా సువార్త 15వ అధ్యాయమున చదువుదుము. పొలమునుండి వచ్చిన పెద్దకుమారుడు ఇంటిదగ్గర వాద్యముల ధ్వని విని, లోపలికి పోక, దాసుని పిలిచి ఇదేమని అడిగెను. కారణము తెలిసిన పిమ్మట ఇంకను దూరముగా నిలిచెను. ఆ సంగీతము తన తమ్ముడు తిరిగివచ్చినందుకు కలిగినది. లోపలికి పోయినయెడల తమ్ముని తమ్ముడని ఒప్పుకొనవలసివచ్చును. అదియే అతనికి కష్టము. అతడు తన నీతిని కాపాడుకొనుటకు గుమ్మము వెలుపల నిలిచెను. తండ్రి బయటికి వచ్చి బతిమాలెను. అతడు లోపలికి వెళ్లెనో లేదో ప్రభువు చెప్పలేదు.

ఈ వేసవిలో మన వీధిలో సన్నాయియో, డప్పో, మన పిల్లల కీర్తనయో వినబడును. ఒక ఘడియ పని మాని, చెవియొగ్గి వినుడి. ముగిసిన తరువాత వాయించినవాని దగ్గరకు పోయి పేరు అడుగుడి, మంచినీళ్లు ఇయ్యుడి, కూలి మీరు ఇయ్యవలసినదైతే ఆ రాత్రియే పూర్తిగా ఇయ్యుడి. మైకు మన చేతిలో నున్నయెడల గడియారము చూడుడి. పాట పెట్టుచున్నవాడు, వినుచున్నవాడు, వినలేక ప్రక్కకు తిరిగి పరుండినవాడు, ఈ ముగ్గురును మనకు పొరుగువారేయని ఎరుగుదుము గాక.