వడపోతలో నిలిచిపోయినది

నీరు వడగట్టి త్రాగవలెనని జైన గృహములలో పిల్లలకు చిన్ననాటనే నేర్పుదురు. అయితే బావినుండి చేదిన నీటిని మడత పెట్టిన గుడ్డతో వడగట్టుట ఈ ఆచారములో సగము మాత్రమే. గుడ్డపై నిలిచిన జీవులను వడగట్టిన నీటితోనే మెల్లగా కడిగి, ఏ బావి నీరో ఆ బావిలోనికే, పైనుండి పారబోయక, దించి విడువవలెను. దీనినే జీవాణి అందురు. మొదటి సగము వలన త్రాగువానికి కూడ మేలు కలుగును. రెండవ సగము గుడ్డపై చిక్కిన ప్రాణికొరకే ఏర్పడినది. నేడు వడపోత విద్య ఎంతో ముందుకు సాగినది. కాని అది ఏ సగములో ముందుకు సాగినది? ఇదియే విచారింపవలసిన ప్రశ్న.

గుడ్డ చేయు పనిని నేడు పలుచని పొర చేయుచున్నది. అల్ట్రాఫిల్ట్రేషన్ అను పద్ధతిలో ద్రవమును ఒత్తిడితో పొరగుండ నెట్టుదురు. ఆ పొర రంధ్రములు సాధారణముగా మిల్లీమీటరులో పదివేలవ వంతునుండి లక్షవ వంతు వరకు ఉండును. బాక్టీరియా దానిని దాటలేదు. నీటిలో కరిగిన ఉప్పు, చక్కెర దాటిపోవును. పాలు విరిచిన తేటను అట్లు నెట్టినచో ప్రోటీనులు ఈవల నిలుచును, పాలచక్కెర ఆవలికి పోవును. ఉప్పును సైతము ఆపవలెనన్నచో మరింత బిగువైన పొర, మరింత ఒత్తిడి కావలెను. అదియే రివర్స్ ఆస్మాసిస్.

ఈ విద్య చరిత్రలో ఒక సంగతి గమనింపదగినది. 1748లో ఫ్రాన్సు దేశపు నొల్లే పొరగుండ ద్రవము ప్రవేశించుటను కనుగొన్నది పంది మూత్రాశయముతో. 1861లో థామస్ గ్రాహం మొక్కల నారతో చేసిన కాగితపు పొరతో కరిగిన పదార్థములను వేరుచేసెను. 1907లో జర్మనీలో బెక్‌హోల్డ్ తన పద్ధతికి అల్ట్రాఫిల్ట్రేషన్ అని పేరు పెట్టెను. 1960 ప్రాంతమున కాలిఫోర్నియాలో సిడ్నీ లోబ్, భారతీయుడైన శ్రీనివాస సౌరిరాజన్ సెల్యులోజు అసిటేటుతో ఉప్పునీటిని మంచినీరుగా మార్చు పొరను సిద్ధపరచిరి. జంతువు తిత్తితో మొదలైన పని కలప, ప్రత్తి నారల పొరకు వచ్చినది. ఇంతవరకు సంతోషింపదగినదే.

కాని రంధ్రము సన్నగిల్లినంత మాత్రమున అహింస పెరిగినట్లు కాదు. పొరపై పేరుకొన్న దానిని ఎదురు నీటితో కడిగి, తరచు క్లోరిన్ వంటి మందులు కూడ వాడి, కాలువలోనికి విడుచుదురు. ఇచట జీవాణి లేదు.

కంటికి కనబడని ప్రతి క్రిమిని గృహస్థుడు కాపాడగలడా, రోగము రాకుండ చేయుట కూడ దయయే గదా, అని ఒకరు ఆక్షేపింపవచ్చును. ఆ మాట న్యాయమైనది. బంగ్లాదేశ్ పల్లెలలో పాత చీరను నాలుగు మడతలకు తగ్గకుండ మడచి నీరు వడగట్టించగా కలరా దాదాపు సగమునకు తగ్గినదని 2003లో రీటా కోల్వెల్ బృందము ప్రకటించెను. కలరా క్రిమి నీటిలోని చిన్న జీవులను అంటిపెట్టుకొని యుండును; ఆ జీవులు గుడ్డపై ఆగినచో క్రిమియు చాలవరకు ఆగును. గృహస్థుని వ్రతము అణువ్రతము. దానికి శక్తినిబట్టి హద్దు కలదు. అయినను శక్తికి మించినది చేయలేనివాడు శక్తిలో ఉన్నదానిని విడిచిపెట్టవచ్చునా?

తమిళనాడులోని తిరుప్పూరు ఇందుకు తార్కాణము. అచటి అద్దకపు కర్మాగారముల రంగునీరు, ఉప్పునీరు ఏండ్ల తరబడి నొయ్యల్ నదిలో కలిసినవి. దిగువన ఒరత్తుపాళయం ఆనకట్టలో అవి నిలిచి, చుట్టుప్రక్కల బావులు, పొలములు చెడినవి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ కర్మాగారములను మూయించినది. మురికినీటి చుక్క కూడ బయటికి పోరాదన్న నిబంధనపై తరువాత అవి క్రమముగా తెరువబడినవి. పొరలగుండ శుభ్రమైన నీరు మరల అద్దకమునకు పోవును. మిగిలిన చిక్కని ఉప్పునీటిని కాచి, ఉప్పును తీసి తిరిగి వాడుదురు. ఎవరికిని పనికిరాని ఉప్పు కొంత అప్పటికిని మిగులును. ఈ పనికి ఖర్చు తక్కువ కాదు.

ఆ ఖర్చు ఎవరిది? అద్దినవానిదే యని బట్ట కొను వర్తకుడు తలచుట సులభము. తానే రంగు కలుపలేదు, తానే కాలువ త్రవ్వలేదు. కాని కిలోకు మరి రెండు రూపాయలు తగ్గింపుమని పట్టుబట్టునప్పుడు, ఆ రెండు రూపాయలు ఉప్పును కాచు పొయ్యి ఆర్పి మిగిల్చినవా అని అడిగి తెలిసికొనుట అతని చేతిలోనే యున్నది. ఇంటిలోను అంతే. రివర్స్ ఆస్మాసిస్ యంత్రము శుభ్రమైన నీటికంటె తరచు ఎక్కువ నీటినే బయటకు త్రోయును. దానిని బిందెలో పట్టి ఇల్లు కడుగుటకు వాడుటకు ఏ శాస్త్రజ్ఞానమును అక్కరలేదు.

పొరను దాటివచ్చిన నీరు ఎంత స్వచ్ఛమో చెప్పుటకు యంత్రములు కలవు. దాటక నిలిచినది ఎచటికి పోయినదో చెప్పవలసినవాడు మనుష్యుడే. బావి ఒడ్డున గుడ్డను తిరుగవేసి కడిగిన ఇల్లాలు ఆ లెక్కను ప్రతిదినము అప్పగించెను. పద్దు పుస్తకములో జమ మాత్రము వ్రాసి ఖర్చు వ్రాయని వర్తకుని ఎవరును నమ్మరు. వడపోతకు కూడ పద్దు రెండు వైపుల ఉండవలెను.