మేలు చేయబోయిన చేయి

ధ్యానమునకు: గలతీయులకు 6:1, యోహాను 13:3-10



పశువైద్యము చదువు విద్యార్థులకు గురువులు తప్పక చెప్పు హెచ్చరిక ఒకటి ఉన్నది. ఒక రైతు ఆవును తోలుకొని వచ్చును. అది మేత ముట్టదు, నీళ్లు మింగలేదు, నోటినుండి చొంగ కారుచుండును. "అయ్యా, గొంతులో ఏదో అడ్డుపడినట్టుంది, చూడండి" అని రైతు బ్రతిమాలును. ఆవు పొడవదు, తన్నదు, దీనముగా నిలిచియుండును. విద్యార్థి జాలిపడి వట్టిచేతిని దాని నోటిలో పెట్టును. అక్కడ ఏమియు అడ్డుపడలేదు. పిచ్చికుక్క కాటువలన వచ్చిన రేబీస్ వ్యాధిచేత గొంతు చచ్చుబడినది. వ్యాధి క్రిమి ఆ చొంగలోనే ఉన్నది. చేతిమీద చిన్న గీత ఉన్నను దానికి చాలును.

మీద పడు కుక్కను చూచి అందరును తొలగుదురు. సాధువైన ఆవును చూచి ఎవరు భయపడుదురు?

పౌలు గలతీయ సంఘములకు వ్రాయుచు, తప్పులో చిక్కినవానిని మెత్తగా సరిచేయుడని చెప్పి, సరిచేయువాడు తన్ను తాను కనిపెట్టుకొనవలెనని కూడ హెచ్చరించెను. రెండిండ్ల తగవు తీర్చబోయి, ఒక ఇంటిమీద పగ మోసికొని వచ్చిన పెద్దలు లేరా? ఫలానావారి కొరకు ప్రార్థించుదమని మొదలుపెట్టి, చాడీలతో ముగించిన కూటములు లేవా? గాయము మేలు చేయబోయిన చేతికే తగిలినది.

ఈ క్రిమి గాయమునుండి నరముల వెంబడి మెల్లగా మెదడుకు పోవును. లక్షణములు పైకి వచ్చుటకు సాధారణముగా ఒకటినుండి మూడు నెలలు పట్టును. అంతవరకు మనిషి తిని తిరుగుచు బాగుగానే ఉండును. లక్షణములు కనబడిన తరువాత బ్రతికినవారు బహు అరుదు. అంతకు ముందే వేసిన టీకా ప్రాణము కాపాడును. 1885 జూలై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తొమ్మిదేండ్ల జోసెఫ్ మైస్టర్‌కు టీకా ఇప్పించగా ఆ బాలుడు బ్రతికెను. మన తమిళనాడులోని కూనూరులో 1907లో పాశ్చర్ సంస్థ వెలసెను.

మరి ముందుగానే టీకాలు వేయించుకొన్న విద్యార్థి సంగతి ఏమి? అతడును ఊరకుండరాదు. వెంటనే సబ్బుతో, పారు నీటితో 15 నిమిషములు కడుగవలెను. మరల రెండు సూదులు, ఆ దినమున ఒకటి, మూడు దినముల తరువాత ఒకటి, వేయించుకొనవలెను.

పేతురు పాదములు కడిగిననాడు ప్రభువు నేర్పినది దీనికి దగ్గరగా ఉన్నది. స్నానము చేసినవాడు మరల స్నానము చేయనక్కరలేదు. దారిలో అంటిన దుమ్ము మాత్రము పాదములనుండి పోవలెను. మనము బాప్తిస్మము పొంది ఎన్నో ఏండ్లాయెను. దానిని మరల తీసికొనము. అయినను నేడు అంటినది నేడే కడిగించుకొనవలెను. "నేను పాత విశ్వాసిని, నాకేమి కాదు" అనువాడే అపాయములో ఉన్నాడు.

ఏళాయిరంపన్నైలో అగ్గిపెట్టెల పని, బాణసంచా పని ఎరిగినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. మందు అంటిన చేతితో ఎవరును పొయ్యి రాజేయరు గదా!

ఇంకొక మాట. కుక్క కరచినను, గీరినను, అట్టి పశువు చొంగ గాయమునకు అంటినను, పసరు, సున్నము, కారము పూయవద్దు. బాగుగా కడిగి, ఆ దినమే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లుడి. పిల్లలు దెబ్బలకు భయపడి దాచుదురు. కోపపడక అడిగి తెలిసికొనుడి. దేవుడు దయచేసిన మందు వాడుట అవిశ్వాసము కాదు.

అట్లే ఈ దినమున మన హృదయమునకు ఏ పగ, ఏ చేదు మాట అంటినదో, నిద్రపోకముందే ప్రభువు సన్నిధిని చూపుదము. అది లోపలికి పోవువరకు ఆగవద్దు. కడుగుటకు ఆయన నేడును తువాలు కట్టుకొనియే ఉన్నాడు. ఆమేన్.