ఆప్తవాక్యంగా బగ్ రిపోర్ట్

ఒకరు చూసింది ఇంకొకరికి జ్ఞానం ఎప్పుడవుతుంది? న్యాయదర్శనం ఈ ప్రశ్నను వదలకుండా పట్టుకుంది. ప్రత్యక్షం (నేరుగా చూడటం), అనుమానం (గుర్తును బట్టి తేల్చుకోవడం), ఉపమానం (పోలిక), శబ్దం (మాట) అని నాలుగు ప్రమాణాలు చెప్పి, ఆప్తుడి మాటను శబ్దప్రమాణం అంది. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఆప్తుడంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడని తేల్చాడు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు ఎవరో రాసి పంపే బగ్ రిపోర్టుకూ ఈ లక్షణమే వర్తిస్తుందని నా వాదన. రాసినవాడి స్క్రీన్ డెవలపర్‌కు కనబడదు; అతని దగ్గరున్నది ఆ మాట ఒక్కటే. "యాప్ పనిచేయట్లేదు" అన్నప్పుడు తీర్పు అందింది గానీ చూసినదేమిటో అందలేదు. "ఫలానా వెర్షన్‌లో ఫైలుకు తెలుగు పేరు పెట్టి సేవ్ నొక్కితే ఈ ఎర్రర్ వచ్చింది, అదే ఫైలుకు ఇంగ్లీషు పేరు పెడితే రాలేదు" అంటే అందులో ప్రత్యక్షం ఉంది, అన్వయ వ్యతిరేకాలు (ఇది ఉంటే అది రావడం, ఇది లేకపోతే అది రాకపోవడం) రెండూ ఉన్నాయి.

ట్రే హారిస్ 2002లో రాసిన ఉదంతం ఇక్కడ చూడదగ్గది. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో ఆయన మెయిల్ వ్యవస్థ చూసేవాడు. స్టాటిస్టిక్స్ శాఖాధిపతి ఫోన్ చేసి, తమ మెయిళ్ళు 500 మైళ్ళు దాటి కాస్త దూరం వరకే వెళ్తున్నాయని చెప్పాడు. మెయిల్‌కు దూరంతో పనేమిటని ఎవరైనా కొట్టిపారేసే మాట ఇది. కానీ ఆ శాఖవాళ్ళు కొద్దిరోజులు ఆగి, ఎక్కడికి వెళ్తున్నాయో ఎక్కడికి వెళ్ళడం లేదో సమాచారం కూడబెట్టాకే ఫోన్ చేశారు. హారిస్ తానే పంపి చూస్తే ఆ దూరం లోపలున్న ప్రిన్స్‌టన్‌కు వెళ్ళింది, అది దాటి ఉన్న మెంఫిస్‌కు వెళ్ళలేదు. సర్వర్‌ను అప్‌గ్రేడ్ చేసినప్పుడు మెయిల్ పంపే ప్రోగ్రాం సెండ్‌మెయిల్ పాత వెర్షన్ వచ్చి చేరింది. కొత్త కాన్ఫిగరేషన్ దానికి అర్థంకాక టైమౌట్, అంటే అవతలి సర్వర్‌తో కనెక్షన్ కోసం ఆగే సమయం, సున్నా అయింది. ఆ మెషీన్ మీద సున్నా అంటే సుమారు 3 మిల్లీసెకన్లు, కాంతి 500 మైళ్ళకు కాస్త పైన ప్రయాణించే వ్యవధి; అంతకు మించిన దూరానికి కనెక్షన్ కుదిరేలోపే ప్రయత్నం ఆగిపోయేది. ఈ సెండ్‌మెయిల్, టైమౌట్ సంగతులు శాఖాధిపతికి తెలియవు. కారణం జోలికి పోకుండా చూసింది చూసినట్టు చెప్పాడు, అంతే.

వాడుకునేవాడు నిపుణుడు కాడు, పరిశోధన డెవలపర్ పని కదా అంటారు కొందరు. కానీ వాత్స్యాయనుడు న్యాయసూత్రాల మీద రాసిన న్యాయభాష్యంలో ఆప్తలక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ ఒక్కటేనన్నాడు. విషయాన్ని నేరుగా తెలుసుకోవడం, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకోవడం చాలు, పాండిత్యం అక్కర్లేదు. మరి ఊహ రాయకూడదా? రాయవచ్చు, చాలాసార్లు అదే దారి చూపుతుంది. అయితే కొండమీద నిప్పుందని చెప్పేవాడు తాను చూసింది పొగ అని కూడా చెప్పాలి. ఆ పొగ దుమ్మేమో తేల్చుకునే వీలు వినేవాడికి ఉండాలి.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ బౌద్ధులది, వైశేషికులది. శబ్దం విడి ప్రమాణం కాదు, చెప్పినవాడి విశ్వసనీయతను బట్టి మనం చేసే అనుమానమే అన్నారు వాళ్ళు. ముక్కూమొహం తెలియనివాడు రాసిన రిపోర్టు విషయంలో ఇది నిజంగా చిక్కే. దీనికి జవాబు రిపోర్టులోనే ఉంది. ఏ మెషీన్, ఏ వెర్షన్, ఏది ముందు నొక్కాను, ఏది తర్వాత, ఏం జరగాలనుకున్నాను, ఏం జరిగింది అని వరసగా రాస్తే చదివినవాడు నమ్మనక్కర్లేదు, తానే చేసి చూస్తాడు. శబ్దం అతని ప్రత్యక్షంగా మారుతుంది. హారిస్ చేసింది అదే. సొంత సమయం పెట్టి ప్రాజెక్టు నడిపేవాళ్ళకు ఇంతకు మించిన సాయం ఉండదు.

ఈసారి బగ్ రిపోర్టు పంపే ముందు ఒక్కసారి చదవండి. కంటితో చూసిన వాక్యాలను ఒకచోట, అనుకున్న వాక్యాలను ఇంకోచోట పెట్టి పంపండి.