ఎంచుకున్నది మార్చుకోవచ్చా?

వీడియో ఆటలు ఆడేవాళ్ల మధ్య ఒక పాత తగవు ఉంది. ఆటలో ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఆటగాడి చేతికి ఒక పాయింటు వస్తుంది. దాన్ని ఏదో ఒక విద్య మీద పెట్టాలి: మంటలు విసరడమో, మంచు కురిపించడమో, కత్తిసామో, వైద్యమో. సగం ఆట అయ్యాక తాను పెట్టినచోటు తప్పని తెలిస్తే, ఆ పాయింట్లన్నీ వెనక్కి తీసుకుని మళ్లీ పంచుకోనివ్వాలా, వద్దా? ఆటగాళ్లు దీన్ని ‘రెస్పెక్’ అంటారు. దుర్గ్‌లో మేము సాయంత్రాలు చదువు చెప్పే పిల్లలు దీని మీద గొంతులు పెంచుకుని వాదించుకుంటారు. పిల్లల ముచ్చటే కావచ్చు. కానీ ఆటను పక్కన పెట్టి చూస్తే ఆ తగవు కర్మ గురించినదే. తెలియక చేసిన ఎంపికకు మనిషి ఎంతకాలం కట్టుబడి ఉండాలి?

2000లో వచ్చిన డయాబ్లో 2 ఆటలో వేసిన పాయింటు వేసినట్టే. తప్పు వేశారా, ఆ పాత్రను వదిలేసి మొదటి మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. 2010లో వచ్చిన 1.13 సవరణ దాకా ఇదే పద్ధతి. అప్పుడు మాత్రం ఆట మూడు కష్టస్థాయిల్లో ఒక్కోదానికి ఒక్కసారి, అకారా అనే పూజారిణి దగ్గరికి వెళ్లి పాయింట్లన్నీ వెనక్కి తీసుకునే వీలు కల్పించారు.

ఆ పదేళ్లూ ఆటగాళ్లు ఏం చేశారన్నది గమనించదగ్గ విషయం. ఆ ఆటలో బలమైన విద్యలు 30వ మెట్టుకు గానీ తెరుచుకోవు. అందుకని చాలామంది చేతికొచ్చిన పాయింట్లు ఖర్చు పెట్టకుండా దాచుకుని, బలహీనంగానే అంతదూరం ఈడ్చుకొచ్చేవాళ్లు. ఇంకా చాలామంది ఆరితేరినవాళ్లు రాసిపెట్టిన జాబితాను ముందు పెట్టుకుని అక్షరం పొల్లుపోకుండా అనుసరించేవాళ్లు. వెనక్కి తీసుకోలేని ఎంపిక మనిషికి బాధ్యత నేర్పుతుందని దాన్ని సమర్థించేవాళ్లు అంటారు. జరిగింది మాత్రం వేరు. అది ఎక్కువమందికి భయం నేర్పింది, భయం అనుకరణ నేర్పింది. సొంతంగా ఎంచుకున్నవాళ్లు తగ్గిపోయారు.

ఎదుటిపక్షం వాదనలో బలం లేకపోలేదు. 2012లో వచ్చిన డయాబ్లో 3లో విద్యలను దాదాపు ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు. పాత ఆటగాళ్లకు అది రుచించలేదు. నా మాంత్రికుడికీ పక్కవాడి మాంత్రికుడికీ తేడా ఏముందని అడిగారు. చేసిన ఎంపికతో కాపురం చేసి, దాని లోపాలతో సర్దుకుని, వాటిలోంచే ఒక దారి వెతుక్కున్నవాడికి ఒక తృప్తి ఉంటుంది. అది అబద్ధం కాదు. మా దగ్గరి పిల్లల్లో ‘వద్దు’ అనే పక్షం వాళ్లే బాగా ఆడతారని కూడా ఇక్కడ చెప్పాలి. (గెలిచినవాళ్లకు నియమాలు కఠినంగా ఉంటేనే నచ్చుతుంది. ఇది ఆటల్లోనే కాదు.)

ఇక మా ఊరి సంగతి. భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగు కుటుంబాల మూడో తరం ఇప్పుడు చదువుకుంటోంది. పదో తరగతి అవగానే పదిహేను, పదహారేళ్ల పిల్లవాడు లెక్కలా, జీవశాస్త్రమా తేల్చుకోవాలి. ఐటీఐకి పోతే ఫిట్టరా, వెల్డరా, ఎలక్ట్రీషియనా తేల్చుకోవాలి. ఏడాది గడిచాక వెల్డింగ్ తన ఒంటికి పడదని తెలిసినా, ఇంకో ట్రేడు కావాలంటే మళ్లీ మొదటి ఏడాదిలో చేరాలి. కూలికి పోయే ఇంట్లో ఆ ఏడాది ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే డయాబ్లో ఆటగాళ్లు చేసిందే ఇక్కడి తల్లిదండ్రులూ చేస్తారు. పక్క క్వార్టరు వాళ్ల అబ్బాయి ఏది తీసుకుంటే అదే తీసుకోమంటారు.

చట్టం చదువుకున్నవాళ్లకు ఇక్కడ ఒక విడ్డూరం కనిపిస్తుంది. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచే చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. నేటికీ అదే నియమం. పదహారేళ్ల పిల్లవాడు వంద రూపాయల ప్రామిసరీ నోటు మీద సంతకం పెడితే, వాడికి ఇంకా మంచిచెడ్డలు తెలియవని చట్టం వాణ్ని వదిలేస్తుంది. అదే వయసులో అదే చేత్తో ఐటీఐ దరఖాస్తులో ఒక గడి నింపితే మాత్రం ఆ గడి వాడి బతుకంతా వెంటవస్తుంది.

1936లో లాహోరు జాత్-పాత్ తోడక్ మండల్ కోసం రాసి, ప్రసంగించే అవకాశం లేకపోయిన ‘కుల నిర్మూలన’లో బాబాసాహెబ్ ఈ విషయం దగ్గరే ఆగారు. పరిశ్రమ ఎప్పుడూ నిలకడగా ఉండదు, మారుతూ ఉంటుంది. దాంతోపాటు మనిషి తన వృత్తిని మార్చుకోగలగాలి. అలా మార్చుకోనివ్వదు కాబట్టి కులం నిరుద్యోగానికి నేరుగా కారణమవుతోందన్నది ఆయన వాదన. గౌరవం మాట సరేసరి, ఇది తిండి మాట. చాలా ఆటల్లో రెస్పెక్ ఇచ్చినా పాయింట్లే మారతాయి, మొదట ఎంచుకున్న పాత్ర జాతి మారదు. మాంత్రికురాలు మల్లయోధుడు కాలేదు. ఆటలో దాన్ని కనీసం ఆడేవాడే ఎంచుకుంటాడు.

మన ధమ్మం ఏమంటుంది? కర్మ అంటే చేసినదంతా లెక్క తప్పకుండా అనుభవించడమే అన్న మాట మన ఇళ్లలో ఇంకా వినిపిస్తుంటుంది. అంగుత్తర నికాయంలోని ఉప్పుగడ్డ సుత్తం ఈ మాటను ఒప్పుకోదు. ఎంత చేస్తే సరిగ్గా అంతే అనుభవించక తప్పదంటే బ్రహ్మచర్యానికి అర్థం లేదు, దుఃఖం అంతం కావడానికి సందు లేదు అంటాడు బుద్ధుడు. ఉప్పుగడ్డను చిన్న గిన్నెడు నీళ్లలో వేస్తే ఆ నీళ్లు తాగలేం. అదే గడ్డను గంగలో వేస్తే గంగ ఉప్పగా మారదు. ఉప్పు ఎక్కడికీ పోలేదు, దాన్ని కలుపుకున్న నీరు పెరిగింది. రెస్పెక్‌లో జరిగేదీ ఇదేనని మా అభిప్రాయం. పాయింట్లు తిరిగివచ్చినా ఆడిన గంటలు తిరిగిరావు, ఓడిన చోట్లు గుర్తుంటాయి. రెండోసారి పంచుకునేవాడు మొదటిసారి పంచుకున్నవాడు కాడు.

అయితే దేన్నైనా తుడిచేయవచ్చా? కాదు. 2015లో వచ్చిన అండర్‌టేల్ అనే ఆటలో ఎదురైన ప్రాణినల్లా చంపుకుంటూ చివరిదాకా పోవచ్చు. ఆ లోకమే నాశనమయ్యాక ఆటగాడు దాన్ని తిరిగి తెచ్చుకోవాలంటే తన ఆత్మను ఇచ్చేయాలి. ఆ తర్వాత ఎంత శాంతంగా ఆడినా శుభాంతం మీద ఆ మచ్చ కనబడుతుంది, ఆట మరచిపోదు. అది సరైనదే. అక్కడ చేసింది ఇతరులకు. మంటకు బదులు మంచు ఎంచుకున్నవాడు ఎవరికి ఏం చేశాడు?

మార్చుకోవడానికి ఆటలో కొంత ఖర్చు పెట్టడం మాకు అభ్యంతరం కాదు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ తొలినాళ్లలో మొదటిసారి ఒక బంగారు నాణెం, రెండోసారి ఐదు, అలా పెరుగుతూ యాభై దగ్గర ఆగేది. ఆ నాణేలు ఆటలో కష్టపడి సంపాదించుకున్నవే. అసలు డబ్బు అడిగే ఆటల సంగతి వేరు. అక్కడ నాన్న ఫోనులో డబ్బున్నవాడి తప్పే తప్పు కాకుండా పోతుంది, మిగతావాళ్లది మిగిలిపోతుంది. దీనికి మాత్రం మేము ఏ వాదనా వినదలచుకోలేదు.

ఇక కఠిన నియమం కావాలనుకునేవాళ్ల కోరిక. డయాబ్లో 2లోనే ‘హార్డ్‌కోర్’ అని ఒక పద్ధతి ఉంది. ఒక్కసారి చనిపోతే ఆ పాత్ర పోయినట్టే. దాన్ని కోరుకున్నవాళ్లే ఎంచుకుంటారు. మనం పంచశీల తీసుకునేటప్పుడు ‘సమాదియామి’ అంటాం, నేను స్వీకరిస్తున్నాను అని. ఎవరో విధించారని అనం. తప్పినవాడు వచ్చే పున్నమికి వచ్చి అవే ఐదూ మళ్లీ తీసుకుంటాడు, సంఘం లెక్కపెట్టదు.

సంఘం లెక్కపెట్టిన సందర్భం ఒకటుంది. ధమ్మపద అట్ఠకథలో చిత్తహత్థుడి కథ. శ్రావస్తి రైతు. తప్పిపోయిన ఎద్దును వెతుక్కుంటూ వెళ్లి, ఆకలేసి విహారానికి వస్తే భిక్షువులు మిగిలిన అన్నం పెట్టారు. రోజూ ఇలాగే ఉంటుందా అని అడిగి, ఉంటుందంటే భిక్షువయ్యాడు. కొన్నాళ్లకు ఇల్లు గుర్తొచ్చి వెళ్లిపోయాడు, మళ్లీ వచ్చాడు. అలా ఆరుసార్లు. ఏడోసారి వస్తే, గొరిగి గొరిగి నీ తల సానరాయి అయిపోయిందని భిక్షువులు విసుక్కున్నారు. అయినా చేర్చుకున్నారు. ఆసారి కొద్దిరోజుల్లోనే అతను అర్హంతుడయ్యాడు.

ఇదే సందర్భంలో చెప్పే కుద్దాల జాతకంలో ఒక తోటమాలి ఉంటాడు. అతనికి ఉన్న ఆస్తి ఒక్క గుద్దలి. దాన్ని దాచి అడవికి పోతాడు, దాని మీద మమకారంతో తిరిగి వస్తాడు. అదీ ఆరుసార్లే. ఏడోసారి నది ఒడ్డుకు వెళ్లి, ఎక్కడ పడిందో తనకే తెలియకుండా ఉండాలని కళ్లు మూసుకుని, గుద్దలిని తల చుట్టూ తిప్పి నీళ్లలోకి విసిరేశాడు. మొదటి ఆరుసార్లూ ఆ గుద్దలిని అతని చేతిలోంచి ఎవరూ లాక్కోలేదు.