చూడటం, చూసుకోవటం

మన తెలుగులో చూడటం ఒకటి, చూసుకోవటం ఒకటి. 'పిల్లను చూశాను' అంటే ఒక అర్థం, 'పిల్లను చూసుకున్నాను' అంటే మరో అర్థం. మాటల్లో తేడా పిసరంతే. ఆ రెండూ ఒకటే అనుకోవటం వల్లనే సంసారాల్లో సగం గొడవలు వస్తాయని నాకు చాలాకాలంగా అనుమానం. ఆ అనుమానానికి బలం అమెరికాలో ఒక విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో దొరికిందంటే మీరు నవ్వుతారేమో!

నేను బి.ఏ. చదివినదాన్ని. నవలలో ఒక శాస్త్రవేత్త పాత్ర కోసం, హార్వర్డులో పరమాణువులతో క్వాంటం కంప్యూటరు తయారుచేస్తున్నవాళ్ళ సంగతి చదవటం మొదలుపెట్టాను. చదవగా చదవగా పాత్ర మాట మరిచి పరమాణువుల్లో పడ్డాను.

అవి రుబీడియం అనే లోహపు పరమాణువులు. విద్యుదావేశం లేనివి కనక తమంతట తాము ఒకదాని జోలికొకటి పోవు. గాలి తీసేసిన చిన్న గాజుపెట్టెలో, అన్నివైపులనుంచీ లేజరు వెలుగు పంపి వాటి పరుగు ఆపుతారు. వెలుగు తగిలితే వేడెక్కటమే మనకు తెలుసు. ఇక్కడ వెలుగుతోనే చల్లబరుస్తారు! ఆపైన సన్నటి కాంతిపుంజాలతో ఒక్కొక్కదాన్ని పట్టి నిలబెడతారు. ఈ వెలుగు పట్టకారును కనిపెట్టిన ఆర్థర్ ఆష్కిన్‌కు 2018లో నోబెల్ బహుమతి వచ్చేసరికి ఆయనకు 96 ఏళ్ళు. మొదట సగం పట్టకార్లు ఖాళీగానే ఉంటాయట. ఫోటో తీసి, ఖాళీలు చూసి, ఉన్నవాటిని జరిపి వరసలు నింపుతారు. ఆ ఫోటో అచ్చం ధనుర్మాసంలో వాకిట పెట్టిన ముగ్గుచుక్కల్లా ఉంటుంది. 2017లో హార్వర్డు వాళ్ళు 51 చుక్కలు పెట్టారు. 2025లో కాల్‌టెక్ వాళ్ళు సీజియం పరమాణువులతో 6,100 పెట్టారు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఒక్కో పరమాణువు సున్నా కావచ్చు, ఒకటి కావచ్చు, రెండూ కలిసిన తేలని స్థితిలోనూ ఉండవచ్చు. ఆ తేలనితనమే ఈ కంప్యూటరుకు బలం. 'నువ్వేమిటి?' అని అడిగామా, అంటే కొలిచామా, ఏదో ఒకటి చెప్పేస్తుంది. ఆ కలయిక కాస్తా చెరిగిపోతుంది. పోనీ అడక్కుండా వదిలేద్దామంటే దానంతట అదే చెడుతుంది. కాల్‌టెక్ వాళ్ళు ఆ స్థితిని సుమారు 13 సెకన్లు నిలబెడితే అదే గొప్పయింది.

అడిగినా చెడుతుంది, వదిలేసినా చెడుతుంది. ఈ ఇరకాటం ఎదిగిన పిల్ల ఉన్న ఏ తల్లికి తెలియదు చెప్పండి?

దీనికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం నన్ను కట్టిపడేసింది. దాచవలసిన సంగతిని ఒక్క పరమాణువులో పెట్టకుండా కొన్నిటికి కలిపి పంచుతారు. పక్కన సాయానికి మరికొన్నిటిని ఉంచుతారు. వాటిచేత అడిగించేది 'నువ్వేమిటి?' అని కాదు, 'మీ ఇద్దరి మాటా ఒకటేనా?' అని మాత్రమే. కాదంటే ఎక్కడో తప్పు జరిగిందని తెలుస్తుంది. లోపలి రహస్యం మాత్రం రహస్యంగానే ఉంటుంది. తప్పు దొర్లితే పట్టుబడేలా ఈ తీరున దాచిన 48 తునకలతో, 2023 డిసెంబరులో హార్వర్డు వాళ్ళు లెక్కలు చేసి చూపించారు.

నాకు తెలిసిన ఒకావిడ రోజూ రాత్రి కూతురి ఫోను తీసి చూస్తుంది. కూతురికీ ఆ సంగతి తెలుసు. "కన్నదాన్ని, నాకా హక్కు లేదా?" అంటుంది ఆవిడ. హక్కు మాట అలా ఉంచండి. ఇంతకూ ఆవిడ చూస్తున్నదేమిటి? అమ్మ చూస్తుందని తెలిసిన పిల్ల రాసే కబుర్లు! ఆ పిల్లకు ఎవరో అబ్బాయి మీద ఇష్టమో కాదో తనకే ఇంకా తేలలేదనుకుందాం. "అవునా, కాదా?" అని నిలదీస్తే ఏదో ఒకటి అనేస్తుంది. ఆ మాట నిలదీయటంలోంచి పుట్టింది. తర్వాత ఆ మాటకు కట్టుబడి బతకవలసింది మాత్రం ఆ పిల్లే.

పరమాణువు అలగదు, అబద్ధమాడదు. అంతవరకూ నా పోలిక కుంటిదే, ఒప్పుకుంటాను. పిల్లను ఎవడో బెదిరిస్తున్నాడనే అనుమానం ఉంటే ఫోనేమిటి, తలుపు బద్దలుకొట్టయినా చూడవలసిందే. ప్రయోగశాలలోనూ చివర్లో అడగక తప్పదు, అడగని లెక్కకు జవాబుండదు. కానీ మన ప్రశ్నల్లో చాలా భాగం పిల్ల క్షేమం కోసం అడిగేవి కావు, మన గుండెదడ తగ్గటానికి అడిగేవి. ఆ దడకు మందు పిల్ల మనసును తవ్వటమా? అన్నం సహిస్తోందా, నిద్ర పడుతోందా, చెల్లెలితో ఎప్పటిలా కీచులాడుతోందా అని కనిపెట్టి ఉంటే చాలదూ? మా అమ్మమ్మ "ఏమే, కూర బాగాలేదా?" అనేది, అంతే. ఆ పూట ఎవరి మనసు బాగాలేదో ఆవిడకు తెలిసిపోయేది.

ఇదంతా ఆ తల్లికి చెప్పాను. శ్రద్ధగానే విన్నది. "మీరన్న ఆ సాయపు పరమాణువులు అమ్మమ్మలూ, పిన్నులూ, చెల్లెళ్ళూ కదండీ? వాళ్ళాయన దుబాయిలో, మా అత్తగారు ఊళ్ళో. ఫ్లాటులో ఉన్నది అదీ నేనూను. నేను ఎవరిచేత అడిగించను?" అంది.

ఆవిడకేం చెప్పాలో నాకింకా తోచలేదు.