ఆయన సొత్తు

మా అక్కయ్యకు ఎనభై దాటాయి. సింహాచలం కొండ కింద అడవివరంలో ఉంటుంది. చేతికర్ర పట్టుకోమంటే ఒకటే మాట: “నేను పిల్లికూననే. నన్ను పట్టుకోవలసింది ఆయన.”

ఈ మాట వెనక ఎంత పెద్ద వాదం ఉందో శ్రీవైష్ణవుల ఇళ్లలో పెరిగినవాళ్లకు తెలుసు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే కరుచుకుంటుంది. పిల్లికూననైతే తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. మోక్షానికి జీవుడి ప్రయత్నం కొంతైనా ఉండాలన్న వేదాంత దేశికుల దారి మొదటిది, అంతా భగవంతుడి దయేనన్న పిళ్లై లోకాచార్యుల దారి రెండోది. మాది తెంగలై ఇల్లు, అంటే రెండో దారి. అందుకే అక్కయ్య మాటను తేలిగ్గా తీసెయ్యలేను.

కానీ ఆ వాదం మోక్షం గురించి, తడిసిన స్నానాలగది గురించి కాదు. మన పెద్దలు నేర్పిన మాట ఇంకొకటుంది: జీవుడు శేషుడు, అంటే ఆయనకు చెందినవాడు; ఆయన శేషి, అంటే యజమాని. ఈ ఒళ్లు ఆయన సొత్తు. పరాయి సొత్తును మన సొంతానికంటే భద్రంగా చూడాలి కదా! తుంటి ఎముక విరిగి మంచాన పడితే తులసిమాల ఎవరు కడతారు? కళ్లజోడు పెట్టుకుని దివ్యప్రబంధం చదవడం శరణాగతికి అడ్డం కానప్పుడు, కర్ర ఎందుకు అడ్డమవుతుంది?

మన ఆచారంలోనే పడిపోయే సందర్భాలు ఎన్నో. తడి మడిచీర కుచ్చిళ్లు కాళ్లకు చుట్టుకుంటాయి, నీళ్లు గ్రానైటు గచ్చు మీద కారతాయి. ఏకాదశి ఉపవాసం, పైన బీపీ మాత్ర. అతిగా తినేవాడికీ బొత్తిగా తిననివాడికీ యోగం కుదరదని గీత ఆరో అధ్యాయంలో ఆయనే చెప్పాడు. సాష్టాంగపడి చటుక్కున లేస్తే రక్తం కాళ్లలోకి దిగిపోయి కళ్లు తిరుగుతాయి. లేచి కాసేపు కూర్చుని, ఆ తర్వాత నిలబడాలి. తెల్లవారుజాము చీకటి మరీ ప్రమాదం. మనల్ని నిలబెట్టేవి కళ్లు, లోపలి చెవి, అరికాళ్ల స్పర్శ. వయసుతో మూడూ మందగిస్తాయి. షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లకు చీకట్లో మిగిలే ఆసరా చెవి ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన ఏటా సుమారు 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు. అందరిదీ ప్రారబ్ధమేనని చేతులు దులుపుకోవడం నాకు మనసొప్పదు.

పడతారన్న భయంతో పెద్దవాళ్లను కుర్చీకి కట్టిపడెయ్యడమూ అపచారమే. కదలని కాళ్లు ఉన్న బలమూ పోగొట్టుకుంటాయి. అక్కయ్యకు నేను చెప్పింది ఇది: కుర్చీని గోడకు ఆనించి, కేశవ నుంచి దామోదర వరకు ఒక్కో నామానికి ఒకసారి లేచి కూర్చో. కుదిరితే చేతులు ఊనకుండా. తర్వాత వంటగట్టు పట్టుకుని ఒంటికాలి మీద కాసేపు నిలబడు. ఇది మాత్రం ఇష్టంగానే చేస్తోంది.

ఆమె అడిగిన ఒక ప్రశ్న మాత్రం నన్ను నిలేసింది. “కర్ర పట్టుకుంటే సన్నిధిలో రెండు చేతులూ ఎలా జోడించనే?” ఇది సాకు కాదు. అంజలి మహిమ మీద దేశికులు ఒక గ్రంథమే రాశారు. మన దారి కాకపోయినా ఆ విషయంలో తేడా ఏముంది? కూర్చో, కర్ర పక్కన పెట్టు, తనివితీరా జోడించు అన్నాను. నిలబడి చేసిన అంజలి కంటే కూర్చుని చేసినది తక్కువని ఏ ఆచార్యులు చెప్పారో చూపించమన్నాను.

ఇంకా ఒప్పుకోలేదు. శనివారం బస్సులో కొండమీదికి వెళ్తున్నాం. నా భుజం పట్టుకోవడానికి అభ్యంతరం లేదంది, కర్ర సంగతి తర్వాత చూద్దామంది.