సముద్రం బాకీ

మా అమ్మమ్మ బైబిలు ఎవరు తెరిచినా ఒకే చోట విచ్చుకునేది, ప్రకటన గ్రంథం ఇరవయ్యో అధ్యాయం దగ్గర. అక్కడొక చీటీ ఉండేది. మడతల దగ్గర చిరిగితే వెనక గంజి రాసి కాగితం అతికించిన చీటీ. ఉప్పెనలో పోయినవాళ్ళ పేర్లు రాసుకోవడానికి ఊళ్ళోకి వచ్చిన గుమాస్తా రాసిచ్చింది. మా తాతయ్య పేరు, చిన్నమామయ్య పేరు ఉన్నాయి. మూడో పేరు లేదు.

మూడోవాడు గేదెల్ని కాసే కుర్రాడు. ఊడ్పులకొచ్చిన కూలీల వెంట ఎక్కడినుంచో వచ్చి, వాళ్ళు వెళ్ళిపోయినా తను ఉండిపోయాడు. పదకొండో పన్నెండో ఏళ్ళుంటాయి. అందరూ బుడ్డోడా అనేవారు, వాడూ పలికేవాడు. తండ్రి పేరు తెలియదు, ఇంటిపేరు తెలియదు, అసలు పేరేమిట్రా అని అడగాలని ఎవరికీ తోచలేదు. "ఏమని రాయమంటావమ్మా?" అన్నాడట గుమాస్తా. అతని తప్పూ లేదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమలో నవంబరు 19 అంటే చాలు, సంవత్సరం చెప్పక్కర్లేదు. తాడిచెట్టు ఎత్తున వచ్చాయంటారు నీళ్ళు. సొర్లగొంది లాంటి ఊళ్ళు ఉన్నచోట ఊరన్న గుర్తు మిగల్లేదు. పోయినవాళ్ళు సుమారు 10,000 మంది అని సర్కారు లెక్క. అది చాలా తక్కువని ఆ ఊళ్ళ లెక్క. ఆ సాయంత్రం గాలి హోరు పెరిగినప్పుడు, కొట్టంలో గేదెలు చచ్చిపోతాయని, పలుపులు కోసి రారా అని వాణ్ణి పంపింది మా అమ్మమ్మే. గేదెల్లో ఒకటి నాలుగో రోజున ఎక్కడో గట్టెక్కి బతికి వచ్చింది. వాడు రాలేదు.

ఇరవయ్యో అధ్యాయంలో ఏముందో చదువరులకు తెలిసే ఉంటుంది. పెద్ద తెల్లని సింహాసనం, దాని ముందు గొప్పా కొద్దీ తేడా లేకుండా నిలబడ్డ మృతులు, తెరిచిన గ్రంథాలు. ఆ వరసలోనే సముద్రం ప్రస్తావన వస్తుంది, తన కడుపులో ఉన్న చచ్చినవాళ్ళను అది తిరిగి అప్పజెబుతుందని. ఏ శతాబ్దంలో, ఏ సముద్రాన్ని చూస్తూ రాశాడో యోహాను! మా అమ్మమ్మ మాత్రం ఆ మాటను హంసలదీవి దగ్గరి సముద్రం గురించే చదువుకుంది. కూడబలుక్కుని, వేలు పెట్టి, రోజూ.

నాకు పదేళ్ళప్పుడు వేసవి సెలవులకు వెళితే ఊళ్ళో సువార్త కూటాలు జరుగుతున్నాయి. పందిట్లో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక గుడ్డ పటం కట్టారు. ఎడమ పక్క సృష్టి, జలప్రళయం, మధ్యలో సిలువ, ఆ తర్వాత సంఘకాలం, అక్కడినుంచి పైకి ఒక బాణం గుర్తు. అది సంఘం ఎత్తబడడం. ఆ తర్వాత ఏడేళ్ళ శ్రమలు, క్రీస్తు విరోధి, హార్‌మెగిద్దోను యుద్ధం, వెయ్యేళ్ళ పరిపాలన. కుడి చివర అగ్నిగుండం. దానికి వాడినంత ఎర్ర రంగు పటం మొత్తంలో ఇంకెక్కడా వాడలేదు. ప్రసంగీకుడు బెత్తంతో చూపిస్తుంటే నాకు నిద్ర పట్టేది కాదు. మర్నాడు లేచేసరికి ఇంట్లో ఎవరూ కనబడకపోతే, నన్ను వదిలేసి అందరూ ఎత్తబడిపోయారని ఏడుస్తూ దొడ్లోకి పరిగెత్తాను. అమ్మమ్మ పిడకలు తిరగేస్తోంది.

ఆ ప్రసంగీకుడికి ఒక పూట మా ఇంట్లో భోజనం. వడ్డిస్తూ అడిగింది. "అయ్యగారండీ, శ్రమలు ఇక మీదట రావాలంటారా?"

"రావాలమ్మా. కానీ మనం ఉండం. సంఘం ముందే ఎత్తబడుతుంది."

అమ్మమ్మ ఇంకో గరిటె పప్పుచారు పోసింది. ఆయన వెళ్ళాక, పీట ఎత్తుతూ నాతో అంది: "ఆ రాత్రి మమ్మల్నెవరూ ఎత్తలేదురా. కొబ్బరిచెట్టు పట్టుకుని మేమే ఎక్కాం."

ఆ పటం చరిత్ర పెద్దయ్యాక వెతుక్కున్నాను. అది అపొస్తలుల కాలం నాటిదేమీ కాదు. శ్రమలు మొదలయ్యేలోపు విశ్వాసుల్ని చాటుగా పైకి తీసుకుపోతారన్న బోధను ఒక క్రమంలో పెట్టి ప్రచారం చేసింది 1830ల్లో జాన్ నెల్సన్ డార్బీ, బ్రదరెన్ సహవాసపు నాయకుడు. 1909లో అమెరికాలో అచ్చయిన స్కోఫీల్డ్ బైబిలు దాన్ని అడుగు వ్యాఖ్యల్లోకి ఎక్కించింది. వాక్యం కిందనే వ్యాఖ్య ఉంటే, చదివేవాడికి రెండూ ఒకే గొంతులా వినబడతాయి. గోదావరి డెల్టాకు ఆ సహవాసం ముందే వచ్చింది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట వచ్చిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు మిషనరీలు నరసాపురంలో కాపురం పెట్టారు. ఆ గుడ్డ పటం వాళ్ళ పెట్టెలోనే వచ్చిందని అనను, అదెప్పుడో తర్వాతి సరుకు. కానీ ఆ సహవాసంలో మొదలైన ఒక సంభాషణ చివరి మాటలు దివిసీమ పందిట్లో నా చెవిన పడ్డాయన్నది మటుకు నిజం.

తేదీలు పెట్టినవాళ్ళ సంగతి ఒక్క మాటలో పోనిద్దాం. విలియం మిల్లర్ లెక్కలు నమ్మి 1844 అక్టోబరు 22న అమెరికాలో వేలమంది ఆకాశం కేసి చూశారు. తెల్లారింది, ఆవుల పాలు పితకాల్సి వచ్చింది. మన దగ్గర 1999 డిసెంబరు, ఆ తర్వాత సబ్బు పెట్టె మీది బార్‌కోడు, ఆ తర్వాత ఆధార్. ఎప్పటికప్పుడు 666 కొత్త చొక్కా తొడుక్కుంటుంది. హెబ్రీ అక్షరాల విలువలు కూడితే నీరో చక్రవర్తి పేరు ఆ అంకెకు సరిపోతుందని పండితులు ఎప్పటినుంచో చెబుతున్నారు. కొన్ని పాత ప్రతుల్లో 616 అని ఉండడానికీ అదే లెక్క సరిపోతుంది. కానీ చచ్చిన నీరోతో పందిట్లో ఎవరిని భయపెట్టగలం?

నా ఫిర్యాదు తేదీల మీద కాదు, ఆ బాణం గుర్తు మీద. పటం గీసినవాడు తనను తాను శ్రమల్లోంచీ తీసేశాడు, తీర్పులోంచీ తీసేశాడు. మిగిలినవాళ్ళ బాధ చూడడానికి మేడ మీద చోటు కట్టుకున్నాడు. మూడో శతాబ్దం తొలినాళ్ళ తెర్తుల్లియను అయితే దాచుకోనుకూడా లేదు. హింసించిన రాజులు మంటల్లో మూలుగుతుంటే చూడడం ఏ రంగస్థలం కంటే గొప్ప వేడుకగా ఉంటుందో అని రాసుకున్నాడు. ఆమోసు ప్రవక్త ఇలాంటివాళ్ళకే ముందుగా చెప్పాడు, యెహోవా దినం ఎప్పుడొస్తుందా అని ఉబలాటపడేవాళ్ళకు. సింహం బారినుంచి తప్పించుకుని ఎలుగుబంటికి ఎదురుపడినట్టు, ఎలాగో ఇంట్లోకి దూరి గోడకు చెయ్యి ఆనిస్తే పాము కరిచినట్టు ఉంటుందట ఆ దినం. ఆమోసు గొడ్ల కాపరి. కొట్టం గోడలో పాములుంటాయని తెలిసినవాడు.

పటాన్ని పక్కన పెట్టి ప్రకటన గ్రంథాన్నే చూద్దాం. దాన్ని రాసిన యోహాను ప్రవాసిగా ఉన్న చోటు పత్మాసు, రాళ్ళ ద్వీపం. మొదటి శతాబ్దం చివర, దొమిషియను ఏలుబడి అని ఎక్కువమంది అంచనా. ఎదురుగా ఆసియా తీరంలో ఏడు ఊళ్ళ సంఘాలు. వాటికి రాసిన ఉత్తరాలు చదివితే, ఎవరు ఏ బాధలో ఉన్నారో తెలిసిన మనిషి రాసినట్టుంటాయి. స్ముర్నవాళ్ళకు చెర రాబోతోందంటాడు, తప్పిస్తాననడు. పెర్గమువాళ్ళకు ఒక తెల్ల రాయి ఇస్తానంటాడు, దాని మీద కొత్త పేరు ఉంటుంది, పుచ్చుకున్నవాడికి తప్ప మరెవరికీ తెలియదు. డబ్బుతో కులుకుతున్న లవొదికయవాళ్ళకు మాత్రం వాతలు పెడతాడు.

ఆ తర్వాత ముద్రలు విప్పడం. మూడో ముద్ర దగ్గర నల్ల గుర్రం ఎక్కినవాడి చేతిలో ఉండేది కత్తి కాదు, త్రాసు. ఒక దేనారానికి సేరు గోధుమలంటూ ధర చాటింపు వినబడుతుంది. దేనారం అంటే రోజు కూలి, సేరు గోధుమలు ఒక్క మనిషికి ఒక్క రోజు తిండి. పెళ్ళాం బిడ్డలున్నవాడైతే యవలు కొనుక్కోవాలి, అవి మూడు సేర్లొస్తాయి. నూనె జోలికీ ద్రాక్షారసం జోలికీ మాత్రం వెళ్ళకూడదట. కరువులోనూ కలిగినవాళ్ళ సరుకు చెడదు. ఇది ఆకాశంలోంచి ఊడిపడ్డ వింతా? బజారుకు వెళ్ళొచ్చినవాడి కంఠం కాదా! పద్దెనిమిదో అధ్యాయంలో బబులోను అనే మారుపేరుతో రోము కూలిపోతుంటే వర్తకులు దూరాన నిలబడి ఏడుస్తారు, మా సరుకు ఇక ఎవరు కొంటారని. ఆ సరుకు చిట్టా బంగారంతో మొదలవుతుంది, ముత్యాలు, పట్టు, దాల్చినచెక్క, గొడ్లు, రథాలు దాటుకుని మనుషుల దగ్గర ముగుస్తుంది. అమ్మే సరుకులో ఆఖరి పద్దు మనుషుల ప్రాణాలు.

ఐదో ముద్ర విప్పితే, బలిపీఠం కింద హతుల గొంతులు వినబడతాయి, ఇంకా ఎంతకాలం అని. నాకు పుస్తకం మొత్తానికి తాళంచెవి అక్కడ దొరికింది. తీర్పు రావాలని అడిగింది చంపబడ్డవాళ్ళు. పైనుంచి చూసేవాళ్ళ వేడుకగా అది మొదలుకాలేదు.

మన తెలుగులో ఆ మాట ఎంత చక్కగా కుదిరింది! దాహం తీరుతుంది, తగువు తీరుతుంది, బాకీ తీరుతుంది. తీర్చేదే తీర్పు. శిక్ష దాంట్లో ఒక ముక్క మాత్రమే.

ఉప్పెన వచ్చిన కొన్నాళ్ళకు ఎవరో వచ్చి ఇది దేవుడి ఉగ్రత అని, ఈ తీరం పాపం పండిందని బోధించి వెళ్ళారట. లూకా సువార్తలో యేసు ముందుకు ఇదే వాదన వస్తుంది. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయారు, వాళ్ళు యెరూషలేములో అందరికంటే పాపులా అని ఆయనే అడిగి, కాదని ఆయనే చెప్పాడు. చచ్చినవాళ్ళ మీద తీర్పు చెప్పొద్దని, మీ సంగతి చూసుకోమని వింటున్నవాళ్ళ వైపు తిప్పాడు. అమ్మమ్మకు ఈ వాదం ఏదీ అక్కర్లేకపోయింది. ఆ బోధ గురించి చెబుతూ, "చుట్టూ నీళ్ళేరా నాన్నా, బావులన్నీ ఉప్పుకషాయం. ఆయనొచ్చినప్పుడు ఒక కడవ మంచినీళ్ళు తెచ్చినా బాగుండేది" అంది. మత్తయి ఇరవై అయిదో అధ్యాయంలో సింహాసనం మీద కూర్చున్నవాడు అడిగేవి కూడా అవే. నీళ్ళు, అన్నం, బట్ట, చెరలో ఉన్నవాణ్ణి చూడడానికి వెళ్ళడం. పటం గురించి ఒక్క ప్రశ్నా లేదు.

నాకు మింగుడుపడనివి ఉన్నాయి. గుర్రాల కళ్ళేల ఎత్తున పారే నెత్తురు, ఆరని గుండం. అలంకారమే అనుకుని సర్దుకుందామనుకుంటాను. కాల్విన్ దాదాపు కొత్త నిబంధన అంతటికీ వ్యాఖ్య రాసి ఈ పుస్తకం జోలికి రాలేదు, లూథర్ 1522లో దీని విలువను శంకించాడు. వాళ్ళే తడబడ్డ చోట నేను కాలు జారడం వింతేమీ కాదు. సింహం వస్తోందని చాటితే తలెత్తి చూసిన యోహానుకు వధించబడిన గొర్రెపిల్ల కనబడుతుంది. ఆ ఒక్క దృశ్యం కోసం మిగతా భయాన్ని భరిస్తాను.

అమ్మమ్మ భయం వేరు. ఆవిడ ఆ సింహాసనం ముందు తనను బోనులోనే నిలబెట్టుకుంది. ఒక్కోసారి మాపటేళ అరుగు మీద కూర్చుని, ఎవరో అడిగినట్టు జవాబు చెప్పుకునేది. "రెండు పూటలా అన్నం పెట్టాను. క్రిస్‌మసుకు చొక్కా కుట్టించాను. ఆ రాత్రి మటుకు పంపాను." అక్కడ ఆగిపోయేది. అయినా ఆ రోజు రావద్దని అనగా నేనెప్పుడూ వినలేదు. తప్పు తేలితే తేలనీ, వాడు మాత్రం కనబడాలి.

ఇరవై ఒకటో అధ్యాయంలో కొత్త ఆకాశం, కొత్త భూమి వస్తాయి, సముద్రం ఇక ఉండదు. పాత నిబంధన వాళ్ళకు సముద్రమంటే అదుపులేని చీకటి, మృగం లేచింది దాంట్లోంచే, రోము పడవలు తిరిగింది దాని మీదే, పత్మాసును చుట్టి యోహానును బంధించిందీ అదే అని పండితులు వివరిస్తారు. నేను ఇదంతా చదువుకుని వెళ్ళి చెబితే అమ్మమ్మ నవ్వింది. "సముద్రం లేకపోతే పల్లెవాళ్ళేం తింటార్రా?" అని, కాసేపటికి తనే, "ముందు అప్పజెప్పడం ఉంది, చూశావా. ఆ తర్వాతే పోవడం. బాకీ తీర్చకుండా ఊరు దాటనివ్వరుగా" అంది.

నా పదేళ్ళప్పటి ఆ కూటాల వేసవిలోనే ఒక రోజు అమ్మమ్మ పెన్సిలు ఇచ్చి, చీటీలో ఆ రెండు పేర్ల కింద మూడు అంకె వెయ్యమంది. వేశాను. దాని పక్కన బుడ్డోడు అని రాయబోతే చెయ్యి పట్టుకుంది.

"అది పేరు కాదురా. ఖాళీ ఉంచు."

ఇప్పుడు ఆ బైబిలు నా దగ్గరుంది. పెన్సిలు గీత మాసి, మూడు అంకె వెలుతురుకు పట్టి చూస్తే గాని కనబడదు. దాని పక్కన ఖాళీ అలాగే ఉంది.